వాషింగ్ మెషీన్ నీళ్లు ఎటు పోవాలో ఎవరూ చెప్పరేం?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఇంటి పేజీలో మాడ్యులర్ కిచెన్ల గురించి, ఫాల్స్ సీలింగ్ లైట్ల గురించి బాగానే రాస్తున్నారు, సంతోషం. అదే ఇంట్లో వాడిన నీళ్లు బయటికి ఎలా పోవాలన్నదాని మీద మాత్రం ఒక్క ముక్క కూడా కనబడదు. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు నేనూ కొన్ని చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా, మెషీన్ పాడైందని గగ్గోలు పెట్టేవాళ్లలో చాలామందికి మెషీన్ శుభ్రంగానే ఉంటుంది, తేడా అంతా దాని వెనక ఉండే ఆ బూడిదరంగు ముడతల పైపులోనే.

ముందుగా తెలియాల్సింది, టాప్ లోడ్‌కీ ఫ్రంట్ లోడ్‌కీ ఈ పైపు పద్ధతి పూర్తిగా తలకిందులు. మన దగ్గర అమ్మే సెమీ ఆటోమేటిక్, టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి నీళ్లు తోడే పంపు ఉండదు, అడుగున వాల్వ్ తెరుచుకుంటుంది, నీళ్లు పల్లానికి పోతాయి, అంతే. అందుకని పైపు నేల మీదే పడి ఉండాలి. ఫ్రంట్ లోడ్‌లో పంపు ఉంటుంది, నీళ్లను పైకి నెడుతుంది, కాబట్టి పైపును నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకి, అంటే దాదాపు నడుము దాకా, లేపి కట్టాలి. అలా కట్టకుండా కింద పడేస్తే బండి ట్యాంకులో ట్యూబు పెట్టి పెట్రోల్ లాగినట్టు నీళ్లు నిండేవి నిండుతున్నట్టే జారిపోతాయి. మెషీన్ పాపం నీళ్లు పడుతూనే ఉంటుంది, లోపల బట్టలు సగం తడిగా సగం పొడిగా దొర్లుతుంటాయి, టైము అంకె కదలదు, ఇంట్లో వాళ్లకేమో టెన్షన్.

మా పై అంతస్తులో ఒకళ్లు కొత్త టాప్ లోడ్ కొన్నారు. బాల్కనీలో కుళాయి ఉంది, ప్లగ్ పాయింట్ ఉంది, నీళ్లు పోయే దారి మాత్రం పక్క బాత్రూంలో ఉంది, మధ్యలో గ్రానైట్ గడప. పైపు ఆ గడప ఎక్కి దిగాలి, పంపు లేని మెషీన్ నీళ్లని ఎలా ఎక్కిస్తుంది చెప్పండి. అడుగు నీళ్లు టబ్బులోనే ఉండిపోయేవి, స్పిన్ మొదలయ్యేది కాదు. సర్వీస్ కుర్రాడు వచ్చి వాల్వ్ తెరిచే డ్రెయిన్ మోటార్ పోయిందన్నాడు, మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు, మళ్లీ అదే కథ. చివరికి వాళ్లబ్బాయి మెషీన్ కింద ఇనప స్టాండ్ వేసి, పైపు బయల్దేరే చోటు గడప కంటే పైకి వచ్చేట్టు చేశాక నీళ్లు పోయాయి. కొత్త మోటార్ ఖర్చు ఎవరిస్తారు మరి.

ఫ్రంట్ లోడ్ వాళ్లకి తెర మీద ఓఈ అనో 5సీ అనో కనబడితే నీళ్లు పోవడం లేదని అర్థం. ఫోన్ చేసే ముందు మెషీన్‌ని ముందుకి జరిపి చూడండి, పైపు గోడకి ఆనుకుని మడత పడిందేమో. పడకపోతే ప్లగ్ తీసేసి, కింద మూలన ఉన్న చిన్న మూత తెరిచి, పళ్లెం పెట్టి ఫిల్టర్ మెల్లగా తిప్పండి (వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారాకే, కాళ్ల మీద పడతాయి). పిన్నీసులు, రూపాయి బిళ్లలు, పిల్లల సాక్సు, బోరు నీళ్లలో కరగని సబ్బు పౌడరు పట్టిన నూగు, ఇవీ అందులో ఉండేవి. బాల్కనీలో పెట్టుకున్న వాళ్లయితే ఎలుకలు కొరికాయేమో కూడా చూడాలి, కొరికిన చోట టేపు చుడితే నాలుగు ఉతుకులకి ఊడిపోతుంది, పైపు మార్చడమే దారి. పైపు చాలలేదని ఇంకోటి అతికి బారెడు పొడవు చేసే అలవాటు కూడా మంచిది కాదు, పంపు మీద భారం. ఇక పైపు చివరని మురుగు గొట్టంలో దూర్చి చుట్టూ గుడ్డ కుక్కేస్తారు కొందరు, వాసన రాదని. గాలి ఆడకపోతే అక్కడా మెషీన్‌లోని నీళ్లు ఇందాక చెప్పినట్టే గొట్టంలోకి జారిపోతాయి.

ఏసీ నీళ్ల గొడవ ఎటూ ఉన్నదే, కింది ఇంటి వాళ్ల బట్టల మీద కారుతున్నాయని రోజూ పంచాయతీ. అక్కడ పంపూ గింపూ లేవు, పైపు ఇంట్లోంచి బయటి దాకా వాలుగా ఉండాలి, మధ్యలో ఎక్కడా ఎత్తు ఎక్కకూడదు, పట్టుకునే బకెట్ నీళ్లలో చివర మునిగి ఉండకూడదు. జిగురు పట్టి మూసుకుపోతే నీళ్లు గదిలోకే కారతాయి, వానాకాలంలో మరీనూ.

అసలు నా కోపం బిల్డర్ల మీద. కోటి రూపాయలు పెట్టి ఫ్లాట్ కొంటే వాష్ ఏరియాలో నడుము ఎత్తున ఒక రెండంగుళాల గొట్టం, దాని కింద ట్రాప్ (కాస్త నీళ్లు నిలిచి వాసన రాకుండా ఆపే వంపు), పక్కనే నేల మీద నీళ్లు దిగడానికి జాలీ ఉన్న ఒక నహానీ ట్రాప్, ఇంతే కదా కావాల్సింది, ఏ మెషీన్ కొన్నా సరిపోతుంది. అది పెట్టకుండా బాల్కనీ నీళ్లని డాబా మీద నుంచి దిగే వాన నీటి గొట్టంలో కలిపేస్తున్నారు. ఆ గొట్టం ఎక్కడికి పోతుంది? ఇంకుడు గుంతలోకి. అంటే ఇంటింటి సబ్బు నీళ్లూ మన బోరు పక్కనే భూమిలోకి దింపుతున్నామన్నమాట. మా సెల్లార్ గుంత మూత తీస్తే పైన తెల్లటి నురగ తేలుతోంది, వాన పడి వారాలైనా సరే. గొట్టం మార్చుకోవాలంటే ఇప్పుడు అన్ని అంతస్తుల గోడలూ పగలగొట్టాలట, ప్లంబర్ అంటున్నాడు.

మున్సిపాలిటీ వాళ్లు ఓసీ (కట్టిన ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) ఇచ్చేటప్పుడు గుంత ఉందా లేదా అని చూస్తే చాలదు, అందులోకి దిగే గొట్టంలో పైనెక్కడ ఏం కలుస్తోందో కూడా చూడాలి. మీరు కూడా ఒకసారి ఇంటి పేజీలో ఈ రెండు రకాల మెషీన్ల పైపులు ఎలా పెట్టాలో బొమ్మ గీసి వేయండి. మెషీన్‌తో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది గానీ ఇంగ్లిషులో చీమలంత అక్షరాల్లో ఉంటుంది, ఇన్‌స్టాలేషన్ కుర్రాడు పైపు తగిలించి పది నిమిషాల్లో వెళ్లిపోతాడు, ఎవరు చదువుతారు దాన్ని.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్