బోధిసిరి శాసనం ఒకసారి చదవండి: విదేశాంగ మంత్రి గారికి గుంటూరు నుంచి బహిరంగ లేఖ

కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ గృహస్థురాలు) వేయించిన శాసనం ఒకటి దొరికింది. క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం. సింహళ బౌద్ధాచార్యుల కోసం ఆమె చైత్యగృహం (బౌద్ధ ప్రార్థనా మందిరం) కట్టించింది. ఆ ఆచార్యులు ధర్మం చెప్పి మెప్పించిన దేశాల పేర్లు అందులో వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ... నేను చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల్లో, మన జిల్లాలో పుట్టిన మొదటి విదేశాంగ పత్రం ఇదేనని పిల్లలతో అనేవాణ్ణి. కొంచెం అతిశయోక్తే. కానీ బోధిసిరి రాణి కాదన్న సంగతి గమనించండి. ఆ ఇక్ష్వాకు వంశంలో రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన చెల్లెలు శాంతిసిరి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో వైదికం, బౌద్ధం రెండూ సాగాయి.

ఇప్పుడు మన ప్రభుత్వమూ బుద్ధుణ్ణి వెంటబెట్టుకుని విదేశాలకు వెళ్తోంది. 2022లో మంగోలియాకు, 2024లో థాయిలాండ్‌కు, 2025లో వియత్నాంకు బుద్ధుడి ధాతువులు (అస్థి అవశేషాలు) పంపారు. అక్కడ జనం బారులు తీరి దర్శనం చేసుకున్నారు. నేను తప్పు పట్టను. చైనా కూడా 2006 నుంచి ప్రపంచ బౌద్ధ సదస్సులు పెడుతోంది, మనం ఊరుకుంటే ఆ చోటు వాళ్లదే.

అయితే దీనివల్ల ఎంత పని జరుగుతుందో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది. హంబన్‌తోట రేవును వాళ్లు 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చారు. బౌద్ధ బంధం కోసం మనం 2020లో కోటీ యాభై లక్షల డాలర్ల గ్రాంట్ ప్రకటించాం. మరుసటి ఏడాది కుశీనగర్ విమానాశ్రయం ప్రారంభమైన రోజున కొలంబో నుంచి భిక్షువులతో విమానం దిగింది. ఫొటోలు బాగా వచ్చాయి. అప్పుల లెక్కలు మాత్రం అప్పుల లెక్కలే, వాటి ముందు ఏ మతమూ నిలబడదు.

మరి మతం ఎక్కడ పనికొస్తుంది? రాకపోకల్లో. అది మామూలు జనం ఒకరి ఊరికి ఒకరు వెళ్లే దారి. కాబట్టి నేను అడిగేది చిన్నది. బౌద్ధ క్షేత్రాలకు రైల్వే నడిపే మహాపరినిర్వాణ్ ఎక్స్‌ప్రెస్ బోధ్‌గయ, రాజ్‌గిర్, సారనాథ్, కుశీనగర్ తిరిగి ఢిల్లీ చేరుతుంది. కృష్ణా ఇవతలికి రాదు. సింహళ విహారం ఉన్న నేల ఇది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా ఉత్సవం జరిపింది అమరావతిలోనే. శ్రీలంకతో ఈసారి మాట్లాడేటప్పుడు గన్నవరానికి కొలంబో విమానం, యాత్రికులకు సులువుగా వీసా, నాగార్జునకొండకు సరైన పడవ ఏర్పాటు చర్చలో పెట్టండి.

హజ్‌కి వెళ్లేవాళ్ల విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. 2025లో భారత్ కోటా 1,75,025. కానీ ప్రైవేట్ ఆపరేటర్ల వాటాలో చాలా సీట్లు ఆఖరి నిమిషంలో పోయాయి. డబ్బు కట్టి, బంధువులకు చెప్పుకుని, సామాన్లు సర్దుకున్నవాళ్ల గతి ఏమిటో హజ్ చూసే మైనారిటీ వ్యవహారాల శాఖతో కలిసి మీ శాఖ సౌదీతో ముందుగా తేల్చాల్సింది.

ఇంకో మాట, ఇది మీకు రుచించకపోవచ్చు. 2022 మే నెలలో ఇక్కడి టీవీ చర్చలో అధికార పార్టీ ప్రతినిధి ప్రవక్త గురించి అన్న మాటలకు జూన్‌లో ఖతార్, కువైట్, ఇరాన్ మన రాయబారులను పిలిపించాయి. అవి ప్రభుత్వ అభిప్రాయం కాదని మనవాళ్లు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. గల్ఫ్‌లో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఆ వారం ఎంత టెన్షనో! ఎన్నికల మైకులో ఒక మతాన్ని తిట్టి, మర్నాడు విదేశీ వేదిక మీద బుద్ధుడి పేరు చెబితే వినేవాళ్లు రెండూ వింటారు. ఈ సంగతి మీ మంత్రివర్గంలో మీకంటే గట్టిగా చెప్పగలవాళ్లు ఎవరున్నారు?

విమానం, పడవ సంగతులు రాష్ట్ర పర్యాటక శాఖతోనూ ముడిపడినవి కాబట్టి ఈ ఉత్తరం నకలు ఆ శాఖకూ పంపుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు