రెండో స్ట్రైక్ కూడా పోయింది: మా టంగుటూరు, ఒంగోలు వాళ్ళందరికీ కృతజ్ఞతలు

ఈ ఉదయం కొట్టు తీయకముందే ఫోన్‌లో నా యూట్యూబ్ ఛానల్ పేజీ తెరిచి చూశాను. ఇంకొకరి దృశ్యాలు వాడినందుకు ఛానల్ మీద పడే హెచ్చరికని కాపీరైట్ స్ట్రైక్ అంటారు. నా మీద అలాంటివి రెండు ఉండేవి, రెండోది కూడా గడువు తీరి పోయింది. మూడు నెలలుగా లేవగానే మొదట చూసుకునేది అదే. ముందు అమ్మకి చెప్పాను, తర్వాత మా ఓనరుగారికి చెప్పాను, ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. అడిగితే అందరూ వద్దన్నారు. చదివితే ఎవరి గురించి రాశానో వాళ్ళకి తెలుస్తుంది.

నన్ను కొత్తగా చూసేవాళ్ళ కోసం నాలుగు మాటలు. నాది టంగుటూరు. ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాను. కారు రేసుల మీద తెలుగులో వీడియోలు చేస్తాను. ఈ పిచ్చి నాకు 2011 అక్టోబరు 30న పట్టింది. ఆ రోజు గ్రేటర్ నోయిడాలో, బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొదటి ఫార్ములా వన్ రేసు జరిగింది. ఒంగోల్లో ఇంటర్ చదువుతూ, హాస్టల్ పక్కనున్న టీ కొట్లో టీవీ ముందు నిలబడి చూశాను. సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. నా కళ్ళు మాత్రం 17వ స్థానంలో వచ్చిన మన దేశపు డ్రైవర్ నరైన్ కార్తికేయన్ బండి ఎప్పుడు కనపడుతుందా అనే వెతికాయి.

ఛానల్ పెట్టాలన్న ఆలోచన 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 'ఫార్ములా-ఈ' అనే రేసు చూస్తుంటే వచ్చింది. పక్క సీట్లో పెద్దాయన ఒకరు "బాబూ, బండ్లు పోతున్నాయి గానీ శబ్దం రాదేంది?" అని అడిగారు. బ్యాటరీ బండ్లండీ అని మొదలుపెట్టాను. బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోలా మారి కరెంటుని తిరిగి బ్యాటరీలోకి ఎట్లా పంపుతుందో చెప్పాను. రేసు అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాను. ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి విన్నారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన సంగతి ఆ గోలలో చివరికి గానీ గమనించలేదు. ఇంటికొచ్చిన వారంలోనే ఛానల్ తెరిచాను.

తప్పు నాదే, అది ముందు ఒప్పుకోవాలి. టీవీలో వచ్చిన రేసు దృశ్యాలు తీసుకుని, వాటి మీద నా గొంతు పెట్టి వదిలేవాణ్ణి. అందరూ వాడుతున్నారు కదా అనుకున్నాను. ఒక రోజు స్ట్రైక్ పడింది. పదకొండు రోజులకి ఇంకోటి. 90 రోజుల్లోపు మూడోది పడితే ఛానల్ మూతపడుతుంది, అందులోని వీడియోలన్నీ పోతాయి. అప్పటికి నావి 212 వీడియోలు. వాటిలో 143 అరువు దృశ్యాలతో చేసినవే. ఆ రాత్రి టెన్షన్‌తో "ఇక ఛానల్ ఆపేస్తున్నాను" అని మీకు రాసి ఫోన్ పక్కన పడేశాను.

పొద్దున్నే మొదటి ఫోన్ చేసింది ఒంగోలు కోర్టులో ప్రాక్టీసు చేసే అక్క. వాళ్ళబ్బాయి నా వీడియోలు చూస్తాడట. స్ట్రైక్ ఇచ్చినవాళ్ళ మీద కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఆ స్ట్రైక్ తప్పని వాదించే ఫారం, పంపుదామని నేను అప్పటికే సగం నింపి పెట్టుకున్నాను. "ఆ ఫారం పంపకు తమ్ముడూ, ముందు ఆ రెండు వీడియోలు నాకు పంపు" అన్నారు. రెండూ మొదటినుంచి చివరిదాకా చూశారు. సాయంత్రం ఆఫీసుకి పిలిచి, 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ తీసి నా చేతే చదివించారు. విమర్శ కోసం, సమీక్ష కోసం ఇంకొకరి పనిని న్యాయంగా ఉన్నంతమేర వాడుకోవచ్చని అందులో ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు అక్క అడిగారు: "నీ మాటలన్నీ తీసేసి చూపించినా జనం ఆ వీడియో చూస్తారా, చూడరా?" చూస్తారు అన్నాను. "మరి అది సమీక్ష ఎట్లా అవుతుంది? వాళ్ళ రేసునే చూపించావు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కౌంటర్ పంపడమంటే అవసరమైతే కోర్టుదాకా వస్తానని ఒప్పుకోవడమేనని, ఈ రెండింటి విషయంలో నా పక్షాన న్యాయం లేదని విడమరిచి చెప్పారు. వీడియోలు తీసేసినంత మాత్రాన పడ్డ స్ట్రైకులు పోవు గానీ మూడోది రాకుండా ఉంటుంది. ఆ రాత్రి 143 వీడియోలూ నా చేత్తోనే తీసేశాను. అక్కా, మీరు ఫీజు తీసుకోలేదు, అది ఒక మేలు. నన్ను మెచ్చుకోకుండా నిజం చెప్పారు, దానికి ఇంకా ఎక్కువ రుణపడ్డాను.

అయితే రేసు దృశ్యం లేకుండా రేసు ఎట్లా చెప్పాలి? మిగతా సాయమంతా ఈ ప్రశ్న దగ్గరే మొదలైంది.

సింగరాయకొండ నుంచి రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకరు వచ్చారు. చేతిలో మార్కాపురం పలక, జేబునిండా బలపాలు. ఆయన జన్మలో ఒక్క రేసూ చూడలేదు. "నువ్వు చెబుతా ఉండు, నేను గీస్తా ఉంటా, పైనుంచి కెమెరా పెట్టు" అన్నారు. మొదట గీసింది మొనాకో రేసు ట్రాక్, 3.337 కిలోమీటర్లు. తర్వాత జపాన్‌లోని సుజుకా. అది ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది, ట్రాక్ తన మీదుగా తానే దాటిపోతుంది. ఆ వంతెన దగ్గర మాస్టారు చెయ్యి ఆగింది. కింది గీతని రెండు వేళ్ళ వెడల్పున చెరిపి, పైగీతని నీడతో సహా వేసి, మన రైల్వే ఓవర్‌బ్రిడ్జిలా నిలబెట్టారు. బెల్జియంలోని స్పా 7.004 కిలోమీటర్లు. అక్కడ ఓ రూజ్ అనే మలుపు దాటగానే రోడ్డు ఒక్కసారిగా గుట్ట ఎక్కినట్టు లేస్తుంది. పలక మీద ఎత్తు ఎట్లా చూపించాలని ఆయనకి మూడు రోజులు నిద్ర లేదట. నాలుగో రోజు చెరువుమట్టి తెచ్చి, పలక మీదే గట్టు కట్టి, దాని మీద సున్నంతో గీత గీశారు. ఆ వీడియో చూసిన వాళ్ళకి, డ్రైవర్లు ఆ ఎత్తు మీద ఎక్సలేటరు వదలకుండా పోతారంటే ఎందుకంత గొప్ప అని నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. మాస్టారూ, మీ పలకలు తొమ్మిదీ మా ఇంట్లో గోడకి వరసగా పెట్టి ఉన్నాయి. అమ్మ వాటి మీద దుమ్ము పడనివ్వదు.

ఇక పెదనాన్న. నాకు వరసకి పెదనాన్న, ఒంగోలు దగ్గర పల్లెలో ఎడ్ల జతలు పెంచుతాడు, సంక్రాంతికీ తిరునాళ్ళకీ బండలాగుడు పోటీలకి తీసుకుపోతాడు. టార్క్ అంటే ఏంటి, పవర్ అంటే ఏంటి అని ఎన్నిసార్లు చెప్పినా నా మాట తేలేది కాదు. ఇంజన్ లెక్కలు చెబుతుంటే నాకే విసుగొచ్చేది. పెదనాన్న చుట్ట పక్కన పెట్టి విని, "బండ కదలాలంటే మొదటి ఊపు కావాలి. ఆ ఊపు లేని జత మెడ ఇరిగినా కదల్చలేదు. అదేనా నీ టార్కు?" అన్నాడు. అదే అన్నాను. "మరి కదిలించినంత మాత్రాన పందెం గెలవం గదా. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. అది రెండోది." అంతే. భౌతికశాస్త్రం పుస్తకంలో పవర్ అంటే చేసిన పనిని పట్టిన కాలంతో భాగించడమే, పోటీలో టేపు, గడియారం పట్టుకుని చేసేదీ అదే. ఫార్ములా వన్ బండిలోని 1.6 లీటర్ల చిన్న వి6 (ఆరు సిలిండర్ల) ఇంజన్ నిమిషానికి వేల చుట్లు తిరిగి అంత పవర్ ఎట్లా ఇస్తుందో, ఆ గిత్తలని చూపిస్తూ ఆరు నిమిషాల్లో చెప్పేశాను.

అక్కడితో ఆగలేదు ఆయన. ఫార్ములా 4, ఫార్ములా 3, ఫార్ములా 2 దాటి ఫార్ములా వన్‌కి పోవాలని చెబితే, "అంటే రెండు పళ్ళ గిత్తల విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్సు. మాకూ అంతేరా" అన్నాడు. ఆ మాటనే వీడియోకి పేరుగా పెట్టాను. ఎన్నడూ రేసులు చూడని రైతులు ఆ వీడియో కింద తమ జతల గురించి రాశారు. వాళ్ళని నా ఛానల్‌కి తీసుకొచ్చింది నేను కాదు, పెదనాన్న.

మా ఊరి బుల్లెట్ మెకానిక్ అన్న పాత జీపు డిఫరెన్షియల్‌ని వీడియో కోసమే విప్పాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఈ తేడాని ఆ పళ్ళచక్రాలు ఎట్లా సర్దుతాయో చేత్తో తిప్పి చూపించాడు. ఆ రోజు గిరాకీ పోగొట్టుకున్నాడు. అన్నా, నీ చేతికంటిన గ్రీజు కెమెరా మీద ఇంకా ఉంది, తుడవలేదు.

కువైట్‌లో పనిచేసే కనిగిరి అన్న ఇంకో రకం సాయం చేశాడు. వీడియో వదలకముందు రాసుకున్నదంతా ఆయనకి పంపుతాను, తప్పులు పట్టి పంపుతాడు. ఒకసారి "2005 అమెరికా గ్రాండ్ ప్రీలో నరైన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చాడు" అని రాసి ఊరుకున్నాను. మిగతాది కూడా చెప్పమన్నాడు. ఆ రోజు ఇండియానాపొలిస్‌లో టైర్లు సురక్షితం కాదని మిషెలిన్ టైర్ల బండ్లు 14, రేసుకి ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ అనే చుట్టు అవగానే పిట్‌లోకి (బండ్లు ఆపి టైర్లు మార్చే చోటుకి) వెళ్ళిపోయాయి, బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల బండ్లు 6 మాత్రమే పరుగెత్తాయి. నాకు చెప్పబుద్ధి కాలేదు, మనవాడి గొప్ప తగ్గిపోతుందేమో అనిపించింది. చెప్పాక ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేదు. ఫార్ములా వన్‌లో పాయింట్లు తెచ్చిన మొదటి భారతీయుడు ఆయనే, ఆ సంగతి ఎప్పటికీ మారదు. ఎడారి ఎండలో డ్యూటీ దిగి వచ్చి, నిద్రమానుకుని నా కాగితాలు దిద్దిన ఆ అన్నకి నేనేం ఇవ్వగలను?

మా ఓనరుగారు గోడౌను తాళంచెవి ఇచ్చారు. రాత్రి తొమ్మిది తర్వాత బస్తాల మధ్య కూర్చుని గొంతు రికార్డు చేస్తాను. చుట్టూ బస్తాలుంటే గొంతు గింగురుమనదు, హైవే మీద లారీల హారన్లు కూడా లోపలికి రావు.

డబ్బు సంగతి కూడా రాయాలి, లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి లెక్క చెప్పకపోతే నిద్ర పట్టదు. మీరు 64 మంది కలిసి పంపింది 18,450 రూపాయలు. మైకు 4,200, ట్రైపాడ్ 1,900, మెమరీ కార్డు 1,150. ఇరుంగట్టుకోట్టై వెళ్ళడానికి ఇద్దరికి రైలు, బస్సు చార్జీలు 1,380, ఒక రాత్రి బస, తిండి 2,650. మొత్తం 11,280. మిగిలిన 7,170 బ్యాంకులోనే ఉంది. రసీదులన్నీ ఫొటో తీసి పెట్టాను, ఎవరడిగినా పంపుతాను.

ఆ ఇరుంగట్టుకోట్టై ప్రయాణం గురించి చెప్పకుండా ఉండలేను. చెన్నై దాటి శ్రీపెరుంబుదూరు దారిలో ఉంటుంది మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన నిలబడి డ్రైవర్లకి జెండాలు చూపే మనిషిగా, స్వచ్ఛందంగా పనిచేసే తడ తమ్ముడు ఒకరు, వీడియో తీసుకోవడానికి ఎవరికి రాయాలో, ఏమని రాయాలో చెప్పాడు. రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క పని చెయ్యలేదు నేను. ఎండలో కాంక్రీటు గోడ వెనక నిలబడి, పసుపు జెండా ఎప్పుడు ఊపాలి, నీలం జెండా ఎవరికి చూపాలి, నల్ల జెండా మీద నారింజ చుక్క ఉంటే ఎవరు పిట్‌కి రావాలి అన్నీ ఆ తమ్ముడే కెమెరా ముందు చెప్పాడు. పొద్దుననగా వచ్చి సాయంత్రందాకా నిలబడే ఆ మనుషులు లేకపోతే ఒక్క బండి కూడా కదలదని ఆ రోజే తెలిసింది నాకు. మొదటి బండి నా ముందునుంచి పోయినప్పుడు ఆ శబ్దం ఛాతీలో తగిలింది. టీవీలోంచి తీసుకున్నది కాదు, నా కెమెరాలోకి నా కళ్ళ ముందే వచ్చింది. తిరుగు రైల్లో ఆ 40 సెకన్లు ఎన్నిసార్లు చూసుకున్నానో.

తీసేసిన 143 వీడియోల్లో ఇప్పటికి 31 మళ్ళీ చేశాను, పలక మీదా, గోడౌన్లోనూ, మెకానిక్ అన్న షెడ్డులోనూ. మిగతావి నెమ్మదిగా చేస్తాను. ఈ ఆదివారం ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ గీసిన పలక వీడియో వస్తుంది, మాస్టారు నిన్నే గీయడం పూర్తి చేశారు.

మిగిలిన ఆ 7,170 రూపాయలు కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే ప్రయాణానికి వాడుకోవచ్చా అని మిమ్మల్ని అడుగుతున్నాను. అక్కడ పరుగెత్తే ఎల్‌జీబీ ఫార్ములా 4 బండ్లలో ఉండేది మారుతి స్విఫ్ట్ 1.3 లీటర్ ఇంజనే అని చెప్పినప్పటినుంచి మెకానిక్ అన్న రోజూ ఎప్పుడు పోదామని అడుగుతున్నాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, మీ వాటా తిరిగి పంపేస్తాను.

పెదనాన్నా, నీ టికెట్టు మాత్రం నా జీతంలోంచి తీస్తాను. గిత్తలకి మేత వేసే మనిషిని ఆ రెండు రోజులకి మాట్లాడి ఉంచు.