కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మామూలు పనులన్నీ సజావుగా సాగాయి. వేసవికి ముందే బోరు మోటారు మార్పించాం, ప్రహరీ గోడ మరమ్మతు పూర్తయింది, వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. జమాఖర్చులు కోశాధికారి గారు వివరిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబరు 14416 ప్రచారానికే ఇస్తున్నాను.

ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపరు తెరవాలంటేనే గుండె దడ. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13 వేలకు పైగా విద్యార్థులే. ఆ ఏడాదే అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ అనే ఈ ఫోన్ సహాయ సేవను ప్రారంభించింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీన్ని సమన్వయం చేస్తుంది. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మన కార్యవర్గం ఇంటింటికీ తిరిగితే తేలింది ఏమిటంటే, నంబరు చాలామంది విన్నారు గానీ, చేస్తే ఏమవుతుందో తెలియక జంకుతున్నారు. పోలీసులు వస్తారా, పిచ్చి అని ముద్ర వేస్తారా, రేపు అమ్మాయి సంబంధాలకు అడ్డం వస్తుందా అని అడిగినవారే ఎక్కువ.

అందుకే సెప్టెంబరులో కమ్యూనిటీ హాల్లో ఒక సైకాలజిస్ట్ గారితో సమావేశం పెట్టాం. స్పీకర్ పెట్టి అక్కడి నుంచే ఫోన్ చేసి చూపిద్దామని కొందరన్నారు. నిజంగా అవసరమైన మనిషికి ఆ క్షణంలో లైన్ దొరక్కపోతే ఎలా అని మేడమ్ వద్దన్నారు. బదులుగా మన సభ్యుడొకరు ఫోన్ చేసినవారిగా, మేడమ్ కౌన్సెలర్‌గా మాట్లాడి చూపించారు.

ఫోన్ చేస్తే ముందు రికార్డు గొంతు వస్తుంది, భాష ఎంచుకోవాలి. తెలుగు ఉంది. తర్వాత కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. కొంచెం ఆగాల్సి రావచ్చు. కలవకపోతే మళ్లీ చేయాలి. మన సభ్యుడు "ఏం చెప్పాలో తెలియట్లేదండీ" అని ఆగిపోయారు. "పర్లేదండీ, నేను లైన్లోనే ఉన్నాను" అన్నారామె, ఇక మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం హాల్లో అందరికీ ఇబ్బందిగా అనిపించింది. ఎవరో ధైర్యం చెప్పబోతే ఆమె చెయ్యెత్తి వారించారు. కాసేపటికి ఆయనే నోరు విప్పారు. అప్పుడు ఆమె నెమ్మదిగా, సూటిగా అడిగారు: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?"

వెనక వరసలో ఒక పెద్దావిడ ఉలిక్కిపడ్డారు, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదా అని. పుట్టదని, నోట్లోంచి బయటికి వస్తే బరువు తగ్గుతుందని మేడమ్ వివరించారు. ఆ ఆలోచన ఎంత బలంగా ఉంది, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, ఈ రాత్రి ఎలా గడుస్తుంది, ఇవే తర్వాతి ప్రశ్నలు. ఉపన్యాసం ఉండదు, తిట్లు ఉండవు. అవసరమైతే డాక్టరుకు గానీ దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి గానీ దారి చూపిస్తారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. మన గురించి కాక ఇంట్లో మరొకరి గురించి కంగారుగా ఉన్నా ఫోన్ చేయవచ్చు. ఈ సంగతి చాలామందికి కొత్త.

పోలీసుల భయం గురించి మా లాయరు సభ్యులు చెప్పిన మాట ఇక్కడ రాయాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అంటోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. మనం చెప్పినవి గోప్యంగానే ఉంటాయి. అయితే ప్రాణం ఆ నిమిషాన ప్రమాదంలో ఉంటే కౌన్సెలర్ ఇంట్లోవాళ్లనో అత్యవసర సహాయాన్నో పిలవవచ్చు. ఈ మినహాయింపు సంగతి జనానికి చెప్పకుండా దాచిపెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 112కు కూడా చేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

నంబరు స్టిక్కర్లు లిఫ్టుల్లో, వాచ్‌మన్ గదిలో, ట్యూషన్ గుమ్మం దగ్గర అంటించాం. ఒక స్టిక్కరును ఎవరో చింపేశారు, అశుభమని కాబోలు. మళ్లీ అంటించాం. దయచేసి ఉంచనివ్వండి.

వచ్చే ఏడాది ఇంటర్ ఫలితాలకు ముందే తల్లిదండ్రులతో ఇలాంటి సమావేశం పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. హాలు, స్టిక్కర్ల ఖర్చును సాంస్కృతిక కార్యక్రమాల పద్దు నుంచి తీసుకోవడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాను.

కార్యదర్శి