“పండుకొని ఉంటది” అన్న మాటలోనే ఆ ఫ్రెంచ్ టెన్స్ ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హనుమకొండలో ఇంటి దగ్గర ఫ్రెంచ్ ట్యూషన్ చెప్తాను. ఎక్కువగా ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలే వస్తారు, ఈ మధ్య కెనడా వెళ్దామని టీఈఎఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్షలకు చదివే పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు. మీ చదువు పేజీలో లెక్కలు, ఫిజిక్స్, కరెంట్ అఫైర్స్ అన్నీ చక్కని తెలుగులో వస్తాయి. ఫ్రెంచ్ మాటెత్తితే మాత్రం ఏ దేశానికి వీసా ఎట్లా, ఏ కోర్సుకు ఫీజెంత అన్న దగ్గరే ఆగిపోతుంది, భాష లోపలికి ఒక్క అడుగు కూడా పడదు. నేను అడిగేది ఒక్కటే, ఫ్రెంచ్‌ని కూడా తెలుగులో చెప్పే చిన్న శీర్షిక పెట్టండి. ఎందుకో ఒక్క టెన్స్ పట్టుకుని చెప్తాను.

సెకండ్ ఇయర్ అబ్బాయి ఒకడు పోయిన నెల కొత్తగా చేరాడు. పరకాల దగ్గర ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నోట్‌బుక్ తెరిస్తే ఒక పేజీ నిండా ఫ్యుత్యూర్ ఆంతేరియర్, అంటే ఫలానా సమయానికి పని అయిపోయి ఉంటుందని చెప్పే టెన్స్. పైన ఎర్ర పెన్నుతో డబ్బా కట్టి “విల్ హ్యావ్ ప్లస్ వీ త్రీ” అని రాసి ఉంది, కింద ఆరు రూపాలు, వాటి కింద ఇంకో ఆరు. అడిగితే ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. సరే నాన్నా, ఇందులో ఒక వాక్యం చెప్పు అంటే తల దించుకున్నాడు. వాళ్ళ కాలేజీలో ఫ్రెంచ్ క్లాసులో తెలుగు మాట్లాడొద్దన్నారట, అన్నీ ఇంగ్లిష్ లోనే అర్థం చేసుకోవాలట. వాడికి ఆ ఇంగ్లిష్ టెన్సే సరిగ్గా రాదు. రాని భాషలోంచి ఇంకో రాని భాషలోకి వెళ్ళమంటే పిల్లవాడు ఏం చేస్తాడు, బట్టీ పడతాడు.

అప్పుడు మధ్యాహ్నం మూడు కావస్తోంది. “మీ అమ్మ ఇప్పుడేం చేస్తుండొచ్చురా?” అని అడిగాను. “తిని పండుకొని ఉంటది మేడం” అన్నాడు. అదే నాన్నా నీ టెన్స్ అని, వాడి నోట్‌బుక్‌లోనే రాసి చూపించాను: “ఎల్ ఓరా మాఁజే ఎ స సరా కూషే.” (అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి. మన లిపిలో పక్కన పడేసిన అరసున్న ఫ్రెంచ్ రాయడానికి ఇంత బాగా పనికొస్తుందని నేనూ అనుకోలేదు.) ఓరా మాఁజే అంటే తిని ఉంటది, స సరా కూషే అంటే పండుకొని ఉంటది. అప్పటిదాకా వాడు అప్పజెప్పిన రెండు పట్టికలూ వాడి నోట్లోంచి వచ్చిన ఒక్క తెలుగు వాక్యంలోనే ఉన్నాయి.

ఈ టెన్స్ కట్టే పద్ధతి చాలా చిన్నది. ఆవ్వార్ (కలిగి ఉండటం) అనే క్రియ గానీ ఎత్ర్ (ఉండటం) అనే క్రియ గానీ భవిష్యత్తులో పెట్టి, దాని పక్కన అసలు పని చెప్పే క్రియ పాస్ట్ పార్టిసిపుల్ (పని అయిపోయిందని చెప్పే రూపం) పెట్టాలి. మనం “తిని” పక్కన “ఉంటాడు” పెట్టినట్టే, కాకపోతే వాళ్ళు ఉంటాడుని ముందు పెడతారు. రాతలో ఆరు రూపాలు గానీ చెవికి వినపడేవి మూడే: ఓరే, ఓరా, ఓరోఁ. నేను, మీరు అన్నప్పుడు ఓరే. నువ్వు, అతను, ఆమె అన్నప్పుడు ఓరా. మేము, వాళ్ళు అన్నప్పుడు ఓరోఁ. ఎత్ర్‌కి కూడా అంతే: సరే, సరా, సరోఁ. మొదటిది దాదాపు మన “సరే” లాగే ఉంటుంది కాబట్టి పిల్లలు ఒక్కసారి వింటే మర్చిపోరు. “కాదు” అని చెప్పాలంటే ఓరేకి ముందు “న”, వెనక “పా” తగిలిస్తే సరిపోతుంది: “జ నోరే పా ఫిని” అంటే నేను పూర్తి చేసి ఉండను.

ఎక్కడ ఆవ్వార్, ఎక్కడ ఎత్ర్ అన్న దగ్గరే అందరికీ టెన్షన్. పోవుడు, వచ్చుడు, ఎక్కుడు, దిగుడు, పుట్టుడు, చచ్చుడు, పడుడు, ఇట్లాంటి కొన్నిటికీ, పండుకొనుట లాగా తనకు తాను చేసుకునే “స” క్రియలకూ ఎత్ర్ వస్తుంది, మిగతా అన్నిటికీ ఆవ్వార్. ఆ లిస్టు బట్టీ పట్టక తప్పదు, అది ఒప్పుకుంటాను. కానీ అందులోనూ తెలుగు ఒకచోట గట్టిగా ఆదుకుంటుంది. దేసాఁద్ర్ అనే ఒకే క్రియకు ఫ్రెంచ్‌లో దిగడం, దించడం రెండు అర్థాలూ ఉన్నాయి. “ఈపాటికి కాజీపేటలో దిగి ఉంటాడు” అంటే “ఇల్ సరా దేసాఁద్యు”. “పెట్టె కిందికి దించి ఉంటాడు” అంటే “ఇల్ ఓరా దేసాఁద్యు లా వలీజ్”. దిగితే ఎత్ర్, దించితే ఆవ్వార్. ఎక్కితే ఎత్ర్, ఎక్కిస్తే ఆవ్వార్. మెట్లు ఎక్కినా దిగినా మాత్రం ఆవ్వారే. ఇంగ్లిష్‌లో దీన్ని ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ అని అరగంట చెప్పినా దిక్కులు చూసే పిల్లలు, దిగుడు, దించుడు అనగానే పట్టేసుకున్నారు.

ఇంకో తప్పు నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. “నీ పని అయిపోయాక నాకు ఫోన్ చెయ్యి” అన్నది ఫ్రెంచ్‌లో రాయమంటే పిల్లలు మనసులో ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటారు. వెన్ యు హ్యావ్ ఫినిష్డ్ అని ఇంగ్లిష్‌లో విల్ లేకుండా ఉంటుంది కదా, అందుకని ఫ్రెంచ్‌లో కూడా “కాఁ త్యు ఆ ఫిని” అని రాసేసి మార్కు పోగొట్టుకుంటారు. సరైనది “కాఁ త్యు ఓరా ఫిని, త్యు మాపెల్‌రా”. ఫోన్ చేసేది ముందు ముందు, పని అయిపోయేదీ ముందు ముందే, కాకపోతే ఫోన్ కన్నా ఒక మెట్టు ముందు. ఆంతేరియర్ అంటే అదే, ముందుది అని. కాబట్టి నేను చెప్పే గుర్తు ఇది: తెలుగు వాక్యంలో “అయ్యాక, తిన్నాక, వచ్చాక” అని వచ్చి, దాని తర్వాతి పని ఇంకా జరగాల్సి ఉంటే, కాఁ (ఎప్పుడైతే) గానీ దే క (అవ్వగానే) గానీ పెట్టి ఈ టెన్స్ రాసేయండి. “అయితే, తింటే, వస్తే” అని ఉంటే అది “సి”, అక్కడ భవిష్యత్తు రూపం అసలు రాకూడదు: “సి త్యు ఆ ఫిని ఆవాఁ మిది”, పన్నెండు లోపు అయిపోతే. “ఆక”, “తే” అన్న ఈ రెండు చిన్న ప్రత్యయాలు మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ తప్పు లేకుండా వాడుతున్నారు. వాటిని వదిలేసి ఇంగ్లిష్ చుట్టూ తిప్పి తీసుకురావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

తెలుగుతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. మనం మాటల్లో “సాయంత్రంలోపు చేసేస్తా” అనే అంటాం, “చేసేసి ఉంటా” అని ఎవరూ అనరు. అందుకని పిల్లలు మామూలు ఫ్యూచర్ రాస్తారు. “లోపు” గానీ “సరికి” గానీ కనపడితే ఆగి ఆలోచించమంటాను, అప్పటికి పని పూర్తయి ఉంటుందన్న అర్థం ఉంటే “జోరే ఫిని ఆవాఁ స స్వార్” అని రాయాలి.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఊహకు వాడటం. ఎవరో రావాల్సిన మనిషి రాలేదు. “ఇల్ ఓరా ఊబ్లియే” అంటారు ఫ్రెంచ్‌వాళ్ళు. రూపం చూస్తే భవిష్యత్తు, చెప్పేది మాత్రం జరిగిపోయిన దాని గురించి: మర్చిపోయి ఉంటాడు. అచ్చం మనలాగే! రైలు మిస్సయి ఉంటాడు అనాలంటే “ఇల్ ఓరా రతే సోఁ త్రేఁ”. పిల్లలు చదివే గైడ్లలో ఈ వాడుక చివర ఎక్కడో ఒక్క లైన్‌లో ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. తెలుగు పిల్లలకు నేనైతే దీనితోనే మొదలుపెడతాను, ఎందుకంటే వాళ్ళు రోజూ ఇంట్లో మాట్లాడేది ఇదే.

కాలేజీల్లో ఫ్రెంచ్ చెప్పే సార్లు, మేడమ్‌లు నా మీద కోపం తెచ్చుకోవద్దు. క్లాసులో ఫ్రెంచే మాట్లాడండి, ఎంత మాట్లాడితే అంత మంచిది. అర్థం కాక పిల్లలు ఆగిపోయిన చోట మాత్రం ఇంగ్లిష్ బదులు తెలుగు వాడి చూడండి. మీ పేజీలో వారానికి పావు పేజీ ఇచ్చినా చాలు, రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను, డబ్బులేమీ వద్దు. అరసున్న మీ ఫాంట్‌లో సరిగ్గా వస్తుందో లేదో మాత్రం ఒకసారి చూడండి, అది లేకపోతే ఓరోఁ, కాఁ, త్రేఁ ఏవీ సరిగ్గా పలకరు.

ఇట్లు,
ఒక ఫ్రెంచ్ ట్యూషన్ టీచర్,
హనుమకొండ