ఇంటిల్లిపాదికీ చోటున్న కారు

సంపాదకులు గారికి,

అయ్యా,

పదిహేనేళ్లు దాటిన సొంత వాహనాల గురించి కొన్ని వారాలుగా మీ పత్రికలో వస్తున్న పాఠకుల లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. పాత కారును ప్రాణం పోయినా వదలకూడదని కొందరు, తుక్కుకు ఇచ్చేసి చేతులు దులుపుకోవడమే మేలని మరికొందరు రాశారు. ఒక పాత స్పోర్ట్స్ కారును పందొమ్మిదేళ్లపాటు శ్రీకాకుళంలో నడిపి, 2025 నవంబరులో దాన్ని మరొకరికి అప్పగించి, ఇంటి అవసరాలకు పనికొచ్చే కారు కొనుక్కున్నవాడిని నేను. ఈ రెండు వాదాలకూ నడుమ ఇంకొక దారి ఉంది. కారు బాగా నడుస్తున్న రోజుల్లోనే, దాన్ని చూసుకోగల ఓపికా వసతీ ఉన్నవారి చేతిలో పెట్టడమే ఆ దారి. నేను ఆ పని నాలుగైదేళ్లు ఆలస్యంగా చేశాను కాబట్టి నాలాంటివారికి ఉపయోగపడుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

నా కారు గోవాలో తయారైన శాన్ స్టార్మ్. రెండే తలుపులు, రెండే సీట్లు, వెనక్కి మడిచిపెట్టుకునే గుడ్డ టాపు, ఇనుప రేకుకు బదులు ఫైబర్ గ్లాస్ బాడీ, రెనో వారి 1,149 సీసీ పెట్రోలు ఇంజను. ఇంజను బలం ఈనాటి చిన్న కార్ల కంటే తక్కువే అయినా, బండి తేలిక కావడం వల్ల, మనిషి నేలకు అంత దగ్గరగా కూర్చోవడం వల్ల నలభై కిలోమీటర్ల వేగం కూడా ఎనభైలా అనిపించేది. దేశంలో చాలా కొద్దిగా తయారైన కారు అది. 2001 నాటి ఆ బండిని నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పే రోజుల్లో, 2006లో, రెండో చేతిగా కొన్నాను. ఆదివారం తెల్లవారుజామున టాపు తీసి, గార మీదుగా కళింగపట్నం వెళ్లి, వంశధార సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడి తిరిగి రావడం నాకు పూజలా ఉండేది. వరి కోతల కాలంలో గడ్డి వాసన, తరువాత చేపలు ఎండబెట్టిన వాసన, ఆపైన ఉప్పుగాలి, ఈ వరస చూసి కళ్లు మూసుకునైనా ఎక్కడున్నానో చెప్పగలిగేవాడిని. ఆ కారు నాకిచ్చిన ఆనందాన్ని తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు రవ్వంత కూడా లేదు.

తీరం దగ్గర కార్ల రేకులు అడుగు నుంచి తుప్పు పట్టడం మన జిల్లావారికి తెలిసిందే. ఫైబర్ బాడీకి ఆ బెడద లేదు కానీ, దెబ్బ తగిలితే సొట్ట పడే బదులు పగులు తీస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరటి మునగచెట్టు కొమ్మ విరిగి బానెట్ మీద పడి మూరెడు పొడవున పగులు తీసింది. ఊళ్లో టింకరింగ్ చేసేవారు ముగ్గురు చూసి, రేకైతే చేస్తాం గానీ దీని జోలికి రాలేమన్నారు. చివరికి తీరాన ఫైబర్ బోట్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, లోపలి వైపు నుంచి గాజుపీచు మ్యాట్ ముక్కలు రెండు వరసలు పరిచి, రెజిన్ అనే జిగురులో అది గట్టిపడటానికి హార్డెనర్ కలిపి బ్రష్షుతో పట్టించి, వేలి గోటితో మీటి చూసి, "మాస్టారూ, ఇది మా బోటు కన్నా పల్చన. అయినా మరేటి పర్లేదు, మళ్లీ ఇక్కడ పగలదు" అన్నారు. నిజంగానే మళ్లీ అక్కడ పగలలేదు. పాత కారును నిలబెట్టే మనుషులు ఎక్కడెక్కడ ఉంటారో అప్పుడే నాకు తెలిసింది. అలాంటి ఒక్కొక్కరిని వెతికి పట్టుకోవడానికి ఎన్ని ఆదివారాలు పోతాయో కూడా అప్పుడే తెలిసింది.

అయితే నేను కారు మార్చడానికి కారణం మరమ్మతులు కాదు, మా అమ్మ. ఆమెకు ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఒక ఆదివారం అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి తీసుకువెళ్తే, దిగేటప్పుడు ఒక చేయి నేనూ ఇంకొక చేయి దారిన పోయే అబ్బాయీ పట్టుకుని లేపవలసి వచ్చింది. "బాబూ, ఇది కారేట్రా, నూతిలోకి దిగినట్టున్నాది" అంది ఆమె. రెండు సీట్లే కావడంతో ఆ రోజు నా భార్య వెనకే ఆటోలో వచ్చింది. పందొమ్మిదేళ్లలో మేము ముగ్గురం ఒక్కసారి కూడా ఆ కారులో కలిసి ఎక్కడికీ వెళ్లలేదన్న సంగతి, ఆలయం ముందు చెప్పులు విప్పుతూ నిలబడినప్పుడు గాని నా బుద్ధికి తట్టలేదు. ఆ తరువాత రెండు నెలలకు ఒక రాత్రి అమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆమెను అంత కిందికి వంచి కూర్చోబెట్టే వీలు లేక, ఇంటి ముందు కారు పెట్టుకుని ఆటో కోసం వీధి చివరి దాకా పరుగెత్తాను. అది గ్యాస్ నొప్పేనని ఆసుపత్రిలో తేలింది. ఆ రాత్రే కారు మార్చాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ పాఠకుల్లో ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. పదిహేనేళ్లు నిండగానే సొంత కారును తుక్కు చేయాల్సిందేనని కొందరు రాశారు. అది నిజం కాదు. వయసును బట్టి నిషేధమన్నది ఢిల్లీ పరిసరాలకు సంబంధించిన విషయం. మన దగ్గర పదిహేనేళ్ల తరువాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. నా కారుకు 2016లో, 2021లో అలాగే పొడిగించారు. మారింది రుసుము. కారు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 600 రూపాయలుండేది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. మరోవైపు వింటేజ్ వాహనంగా ప్రత్యేక గుర్తింపు పొందాలంటే యాభై ఏళ్లు నిండాలి. పదిహేనుకూ యాభైకీ నడుమ ముప్పై అయిదేళ్లపాటు ఇష్టంతో పెంచుకునే కారుకు చట్టంలో ప్రత్యేకమైన చోటేమీ లేదు. ఇది ఆలోచించవలసిన విషయమే. కానీ ఆ ఆలోచన పూర్తయ్యేదాకా కారును ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంచితే అది అక్కడే చచ్చిపోతుంది. నడవని బండికి బ్యాటరీ, టైర్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకులు ఒకదాని వెంట ఒకటి పాడవుతాయి.

గొట్టాల గురించి ఇంకొక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటోంది. ఆ పాళ్లను తట్టుకునే భాగాలతో కార్లు తయారుచేయడం 2023 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయింది. అంతకు ఎంతో ముందు నాటి రబ్బరును ఇథనాల్ క్రమంగా మెత్తబరుస్తుంది. మా మెకానిక్ ఒకరోజు పెట్రోలు గొట్టం ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. వేళ్లతో నొక్కితే బంకమట్టిలా అణిగింది, వేళ్లకు నల్లటి మసి అంటింది. వేడి ఇంజను పక్కన అలాంటి గొట్టం ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. పాత కార్లున్నవారు ఈ లేఖలో మిగతాదంతా మరచిపోయినా సరే, పెట్రోలు గొట్టాలు మాత్రం ఈ వారమే మార్పించుకోవాలని వేడుకుంటున్నాను.

కొత్త కారు ఎంపిక చేసుకునేటప్పుడు చాలామంది మైలేజీతో మొదలుపెడతారు. నేను టేపుతో మొదలుపెట్టాను. అమ్మ ఎవరి సాయమూ లేకుండా లేవగలిగే కుర్చీ మా ఇంట్లో ఒకటే ఉంది, దాని ఎత్తు 18 అంగుళాలు. శ్రీకాకుళంలోను, విజయనగరంలోను షోరూములకు అమ్మనే వెంటబెట్టుకు వెళ్లి, ఒక్కొక్క కారులో ఆమెను కూర్చోబెట్టి లేపి చూశాను. మరీ ఎత్తైన బండ్లు ఆమె ఎక్కలేకపోయింది, పల్లపు కార్ల నుంచి దిగలేకపోయింది. చివరికి టాటా పంచ్ కుదిరింది. దాని తలుపులు తొంభై డిగ్రీల దాకా తెరుచుకుంటాయి కాబట్టి చేతికర్రతో సహా తిరిగి కూర్చోవచ్చు. నేలకూ బండి అడుగుకూ నడుమ 187 మిల్లీమీటర్ల ఎడం ఉంది. డిక్కీలో 366 లీటర్ల చోటు ఉంది కాబట్టి మడత చక్రాల కుర్చీ పట్టింది. మేము ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లకు మించి తిరగం, అదీ ఎక్కువగా ఊళ్లోనే. అలాంటి వాడకంలో ఈనాటి డీజిల్ బండ్ల పొగగొట్టపు ఫిల్టరు మసితో పూడుకుపోతుంది కాబట్టి పెట్రోలుకే మొగ్గాను. 1,200 సీసీ లోపు ఇంజను, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉన్న పెట్రోలు కార్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి తగ్గడం కూడా కలిసి వచ్చింది. నా పాత కారులో లేని ఎయిర్ బ్యాగులు, గట్టిగా నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు ఇందులో ఉన్నాయి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని విశాఖ దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేటప్పుడు ఆ తేడా నా మనసుకు ఎంతో ధైర్యాన్నిస్తోంది.

పాత కారును విశాఖలో ఇలాంటివి రెండు మూడు పోషించుకుంటున్న ఒకరు తీసుకున్నారు. ఇంకా ఎక్కువ ధర ఇస్తానన్నవారు ఒకరున్నారు కానీ, ఆయన ఉద్దేశం ఇంజను మార్చి బాడీ కోయడం కాబట్టి ఇవ్వలేదు. అమ్మేవారు కాగితాల దగ్గర మొహమాటపడకూడదు. యజమాని పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, తారీఖు వేసి, బదిలీ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నది రాష్ట్రంలోని వారే అయితే అందుకు పద్నాలుగు రోజులు, పక్క రాష్ట్రం వారైతే నలభై అయిదు రోజులు గడువు. మన జిల్లా నుంచి ఒడిశాకు వెళ్లే పాత బండ్లు చాలా ఉన్నాయి కనుక ఇది గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్‌లో పేరు మారనంతవరకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి దళారి చేతికిచ్చి వచ్చేయడం మన వైపు ఎంత మామూలో అంత ప్రమాదకరం. ఇక ఏ విధంగానూ బాగుపడని కారైతే గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే ఇచ్చి, బండిని అప్పగించినట్లు వారిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కొత్త బండి రోడ్డు పన్నులో రాయితీ కోరడానికి అది ఆధారం.

అధికారులకు ఒక విన్నపం కూడా చేయాలి. స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తున, 3.7 మీటర్ల వెడల్పున గుండ్రంగా ఉండాలని రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ప్రమాణం చెబుతోంది. ఆదివారాలు నేను తిరిగిన పల్లె దారుల్లో ఊరివారు సిమెంటు పోసి కట్టుకున్నవి రెండడుగుల వెడల్పున, గోడ పడుకున్నట్లుగా ఉంటాయి. చారలుండవు, ముందు బోర్డు ఉండదు. ఒకదాని మీద నా కారు పొట్ట ఆనుకుని ముందుకూ వెనక్కూ కదలక, నలుగురు పొలం పని మానుకుని వచ్చి ఎత్తి దాటించారు. ఇప్పుడు ఎత్తైన కారులో వాటిని దాటుతున్నాను గాని, ప్రతి కుదుపుకూ అమ్మ మోకాలు పట్టుకుంటుంది. పిల్లలు రోడ్డు దాటే చోట వేగం తగ్గవలసిందే, ఊరివారి భయంలో న్యాయం ఉంది. అందుకే వాటిని తీసేయమని కాదు, కొలత ప్రకారం మళ్లీ కట్టించి చారలు వేయించమని అడుగుతున్నాను.

చివరగా, ఉత్తరాంధ్రలో శాన్ స్టార్మ్ కారును ఇంకా నడుపుతున్నవారెవరైనా ఉంటే వారికి ఒక మాట. కొన్నవారికి ఇచ్చినవి పోగా నా దగ్గర ఒక సైడు అద్దం, రెండు తలుపు పిడులు, తలుపుల రబ్బరు అంచులు, నేను చేయించిన ప్రతి మరమ్మతునూ తారీఖులతో రాసుకున్న నోటు పుస్తకం మిగిలాయి. ఈ పత్రిక కార్యాలయం ద్వారా నాకు ఉత్తరం రాస్తే వాటిని ఉచితంగా పంపిస్తాను. బోటు పెద్దాయన బానెట్ అతికించిన పద్ధతి ఆ నోటు పుస్తకం నలభై మూడో పేజీలో ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
శ్రీకాకుళం