జెర్రీమాండర్ మాట గురించి బాబాయిగారికి

పూజ్యులైన బాబాయిగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ పిన్నిగారూ క్షేమమని తలుస్తాను. అమెరికా ఎన్నికల వార్తల్లో తరచుగా కనబడే ‘జెర్రీమాండర్’ అనే క్రియకు అర్థమేమిటని, అది ఎలా పుట్టిందని మీరు అడిగారు. నేనుంటున్న మసాచుసెట్స్ రాష్ట్రమే దానికి పుట్టినిల్లు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అధికారంలో ఉన్న పక్షం తనకు ఎక్కువ సీట్లు దక్కేలా నియోజకవర్గాల సరిహద్దులను కావాలని వంకరటింకరగా గీయించుకోవడమే దీని అర్థం. దొంగ ఓట్లు వేయించడం, పెట్టెలు ఎత్తుకుపోవడం వంటి మొరటు పనులకు ఈ మాట వర్తించదు. ఇందులో ప్రతి ఓటూ సక్రమంగా పడుతుంది, సక్రమంగానే లెక్కకు వస్తుంది. ఫలితం మాత్రం గీత గీసిన రోజునే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఎదుటి పక్షానికి ఓటు వేసేవారిని ఒకటి రెండు నియోజకవర్గాల్లో కుక్కి, అక్కడ వారిని భారీ మెజారిటీతో గెలవనిచ్చి, మిగిలినవారిని ఎక్కడా బలం చాలకుండా చెదరగొడతారు.

1812 ఫిబ్రవరిలో ఇక్కడి గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, తన డెమొక్రాటిక్ రిపబ్లికన్ పక్షంవారు ఆమోదించి పంపిన రాష్ట్ర సెనేటు నియోజకవర్గాల చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న ఎసెక్స్ కౌంటీ వైపు ఏర్పడిన ఒక నియోజకవర్గం, చెల్సీ నుంచి ఆండోవర్, హేవర్‌హిల్ మీదుగా అంచుల వెంబడే చుట్టు తిరిగి సాల్స్‌బరీ దగ్గర సముద్రానికి చేరింది. మార్చి 26న, ప్రత్యర్థులైన ఫెడరలిస్టులను సమర్థించే బోస్టన్ గెజెట్ పత్రిక ఆ పటానికే రెక్కలూ గోళ్లూ కోరలూ తగిలించి బొమ్మగా అచ్చువేసింది. బల్లిలా ఉండి, నిప్పులో బతుకుతుందని పూర్వం యూరప్‌వారు నమ్మిన సాలమాండర్ పేరులోని చివరి భాగాన్ని గవర్నరు పేరుకు అతికించి, ఆ వింత జంతువుకు నామకరణమూ చేసింది. మన చెవికి జెర్రి స్ఫురించడం యాదృచ్ఛికమే గానీ, బొమ్మ చూసినవారికి అదీ అంత తప్పనిపించదు.

ఆ ఏడాది ఎన్నికల్లో ఫెడరలిస్టులకు 51 వేలకు పైగా, ప్రత్యర్థులకు సుమారు 50 వేలు ఓట్లు వచ్చాయి. అయినా 40 సెనేటు స్థానాల్లో 29 తక్కువ ఓట్లు వచ్చినవారికే దక్కాయి. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గంగా లెక్కించే గవర్నరు పదవికి ఈ గీతలు అక్కరకు రావు కనుక గెర్రీ మాత్రం ఓడిపోయారు.

నా దృష్టిలో ఆయనకు ఈ మాట వల్ల అన్యాయమే జరిగింది. ఆయన 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకరు. 1787 రాజ్యాంగ సభలో కూర్చుని, ముసాయిదా నచ్చక సంతకం నిరాకరించినవారు. చివరకు ఉపాధ్యక్ష పదవిలో ఉండగానే 1814లో మరణించారు. ఈ చట్టం ఆయనకు ఇష్టం లేదని అల్లుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది. అల్లుడి మాటను కొంత తగ్గించుకుని చదవాలనుకోండి, అయినా పథకం వేసినవారిని వదిలి సంతకం పెట్టినవాడి పేరే లోకం పట్టుకుంది. పేరైనా సరిగా పలకరు: ఆయన ఇంటిపేరు ‘గ’కారంతో మొదలవుతుంది, క్రియను మాత్రం అందరూ ‘జ’కారంతోనే పలుకుతారు.

మన దగ్గర 2009 ఎన్నికలనాటికి నియోజకవర్గాలు మారినప్పుడు, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్ ఆ పని చేసింది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో గెలిచిన శాసనసభ్యులే గీతలు గీస్తారు; పక్షపాతంతో గీశారన్న ఫిర్యాదులను ఫెడరల్ కోర్టులు విచారించజాలవని 2019లో ఇక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. జాతి ప్రాతిపదికన గీసిన సరిహద్దులపై వ్యాజ్యాలకు మాత్రం ఆ తీర్పు అడ్డు రాదు.

పిన్నిగారికి నా నమస్కారాలు తెలియజేయగలరు.

ఇట్లు,
మీ అబ్బాయి