గడుల పేర్లు తెలుగులో ఉంటే

సంపాదకులకు నమస్కారం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఓ అడ్తి దుకాణానికి మిర్చి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. అందులో మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌తో వచ్చే ప్రాపర్టీ గ్రిడ్ (వివరాలు నింపే గడుల పట్టిక) గడుల పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే చూపేది. గుమాస్తా తేమ శాతం గడిలో హమాలీ కూలి కొట్టాడు. తిట్లు నాకు పడ్డాయి, న్యాయమే.

సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతే అద్దె గడి రావాలి, యార్డులోనే అమ్ముడైతే పోవాలి. కోడ్‌లో 'బ్రౌజబుల్ ఫాల్స్' అని రాస్తే గడి ఎప్పటికీ కనపడదు, ప్రోగ్రామ్ నడుస్తుండగా మారదు. చివరికి 'ఐకస్టమ్‌టైప్‌డిస్క్రిప్టర్' (ఏ గడులు చూపాలో ప్రోగ్రామ్ నడుస్తుండగానే గ్రిడ్‌కు చెప్పే కోడ్) రాసి, అప్పటికి కావలసిన గడులే గ్రిడ్‌కు అందించి రిఫ్రెష్ చేశాను. పేర్లు కూడా 'తేమ', 'తరుగు', 'హమాలీ' అని మార్చాను. ఇప్పుడు గుమాస్తా ఫోన్ చేయడమే మానేశాడు.

మీ టెక్నాలజీ పేజీలో ఫోన్ల ధరలతో పాటు ఇలాంటివీ వేయండి.

– ఒక ప్రోగ్రామర్, హనుమకొండ